మా అబ్బాయి సిలాట్‌లో చేరాడు: సింగపూర్‌లో ఈ విద్య సంగతి తెలిసినవారు చెప్పగలరా?

తాటిబెల్లం

అందరికీ నమస్కారం. మేము సింగపూర్ వచ్చి ఆరేళ్లయింది, తాంపనీస్‌లో ఉంటాం. మా అబ్బాయికి పదమూడేళ్లు. జనవరిలో సెకండరీ బడిలో చేరాడు. ఇక్కడ చదువుతో పాటు ఆటో పాటో ఏదో ఒకటి ఎంచుకోవాలి. తెలుగువాళ్లం కదా, బ్యాడ్మింటన్ అని ఇంట్లో ముందే తీర్మానించేశాం. వాడు వెళ్లి సిలాట్ అనే మలయ్ పోరాట విద్య పేరు రాసి వచ్చాడు. అడిగితే, "బ్యాడ్మింటన్ దగ్గర వరస చాలా పొడుగ్గా ఉందమ్మా" అన్నాడు.

ఇప్పుడు సాయంత్రం ఇంటికి రాగానే నల్ల దుస్తుల్లో హాలు మధ్య మోకాళ్లు వంచి నిలబడి, చేతులు మెల్లగా గాలిలో తిప్పుతుంటాడు. ఉన్నట్టుండి కిందికి వాలి కాలు గుండ్రంగా విసురుతాడు. టీపాయ్ మీది గాజు గ్లాసు ఒకటి ఇప్పటికే పోయింది. కాకినాడ నుంచి మా మామగారు వీడియోలో చూసి, "ఇది నాట్యమా, యుద్ధమా?" అని అడిగారు. నాకూ తెలియక నవ్వి ఊరుకున్నాను.

నా సందేహాలు రెండు. ఇది మలయ్ వాళ్ల విద్య కదా, అక్కడ మన పిల్లవాడు కలవగలడా? పైగా ఇంత చిన్న దేశానికి ఇందులో ప్రపంచ చాంపియన్లు ఎలా వచ్చారు? మా వాడికి ఇక్కడి సిలాట్ చాంపియన్ షేక్ ఫర్హాన్ అంటే ప్రాణం. గోడ మీద క్రికెటర్ బొమ్మ తీసేసి అతని బొమ్మ అంటించాడు.

సెరంగూన్_పాతకాపు

అమ్మా, మీ మామగారి ప్రశ్నకు జవాబు: రెండూ. మలయ్‌లో చేతులు తిప్పే ఆ అందాన్ని 'బుంగా' అంటారు, అంటే పువ్వు. దాని వెనక దాగిన దెబ్బను 'బువా' అంటారు, అంటే పండు. మీ వాడు ప్రస్తుతం పువ్వు దశలో ఉన్నాడు. గ్లాసు పగిలిందంటే పిందె పడినట్టే.

నేను ఇక్కడికి వచ్చి 24 ఏళ్లు. సిలాట్‌ను మొదటిసారి చూసింది పోటీలో కాదు, మా భవనం కింది ఖాళీ అంతస్తులో జరిగిన పక్కింటివాళ్ల పెళ్లిలో. పెళ్లికొడుకు రాగానే కొంపాంగ్ డప్పులు మోగుతుండగా ఇద్దరు ఎదురొచ్చి ఆడారు. ఇక్కడ 1989 నుంచి ప్రభుత్వ గృహాల్లో ప్రతి భవనంలోనూ చైనీయులు, మలయ్‌లు, భారతీయులు ఇంత పాళ్లలో ఉండాలనే నియమం ఉంది. దాని మీద ఎన్ని విమర్శలున్నా, పక్కింటి పెళ్లిలో సిలాట్ నా కంట పడింది ఆ నియమం వల్లే. మీ వాడు కలవగలడా అన్న సందేహం వద్దు. వాడు నేర్చుకునే చోట మొదటి మాటే 'గురు'. అది మనకు పరాయి మాట కాదు కదా.

ఇక రెండో ప్రశ్న పెద్దది. సింగపూర్ స్వతంత్ర దేశమైంది 1965లో. అప్పటికి సిలాట్ అంటే ఒక్కో గురువుది ఒక్కో శైలి, ఒక్కో ముంగిలి. ఒకరి శిష్యుడు మరొకరి గడప తొక్కడు. 1976లో సింగపూర్ సిలాట్ సమాఖ్య ఏర్పడింది. అసలు మలుపు 1980 మార్చి 11. ఇండోనేసియా, మలేసియా, బ్రూనై, సింగపూర్ కలిసి జకార్తాలో 'పెర్సిలాట్' అనే అంతర్జాతీయ సమాఖ్యను స్థాపించాయి. ఎంత దెబ్బకు ఎన్ని పాయింట్లు, ఎక్కడ కొట్టకూడదు, బరి ఎంత ఉండాలి అనేవి నాలుగు దేశాలకూ ఒకటయ్యాయి. అంతంత పెద్ద దేశాల పక్కన ఈ చుక్కంత దేశం స్థాపక సభ్యురాలిగా కూర్చుంది. ఎవరో రాసిన నిబంధనల పుస్తకం దిగుమతి చేసుకోలేదు, ఆ బల్ల దగ్గర తనూ ఉంది. నన్నడిగితే మిగిలిన కథంతా అక్కడి నుంచి వచ్చిందే.

కోనసీమ_కర్ర

పాతకాపు గారూ, బాగా చెప్పారు గానీ నాకు ఒక చోట గొంతులో ముల్లు గుచ్చుకుంది. నేను అమలాపురం దగ్గరివాణ్ణి. మా తాత కర్రసాము గురువు. దసరాకు మా ఊళ్లలో చెడీ తాలింఖానా వీధుల్లో నడుస్తుంది. కళ్లకు గంతలు కట్టుకుని, పడుకున్న మనిషి కంఠం మీద పెట్టిన కొబ్బరికాయను కత్తితో కొట్టేవాళ్లను చిన్నప్పుడు చూశాను. దానికి ఎన్ని పాయింట్లు వేస్తారు?

విద్యకు అంకెలు తగిలించారంటే సగం చంపినట్టే. పాయింటు వచ్చే దెబ్బే నేర్పుతారు, రానిది మరుగున పడుతుంది. మా తాత ఒక దెబ్బ నేర్పడానికి రెండేళ్లు ఆగేవాడు, శిష్యుడి కోపం తగ్గేదాకా.

మూడో_జడ్జి

నేను తైక్వాండోలో పదేళ్లు నిర్ణేతగా పనిచేశాను. సిలాట్ పోటీలు రెండు మూడు చోట్ల దగ్గరగా చూశాను. కోనసీమ తమ్ముడి బాధలో నిజం ఉంది, కానీ ముందు లెక్క ఏమిటో చూద్దాం.

పోరు విభాగాన్ని 'తాండింగ్' అంటారు. రెండేసి నిమిషాల మూడు విడతలు. గుద్దుకు 1, తన్నుకు 2, పడగొడితే 3. మెడ పైన కొట్టకూడదు. పెద్దవాళ్లకు బరువు తరగతులు 5 కిలోల తేడాతో ఉంటాయి. తాటిబెల్లం గారూ, మీ వాడు కిందికి వాలి కాలు తిప్పుతున్నాడన్నారే, ఆ 3 పాయింట్ల కోసమే ఆ ప్రయాస. ఇంట్లో గాజు సామాను పై అరలో పెట్టండి.

కానీ పోరు ఒక్కటే కాదు. 'తుంగల్' అని ఒంటరి ప్రదర్శన ఉంది. మొదట ఉత్త చేతులు, తర్వాత గొలోక్ అనే కత్తి, ఆ తర్వాత తోయా అనే కర్ర. మొత్తం 100 కదలికలు, మూడు నిమిషాలు. ఏ దేశంవాడైనా అవే 100, అదే వరసలో. ఇద్దరు కలిసి ఆయుధాలతో చేసేది 'గండా', ముగ్గురు ఒక్క మనిషిలా కదిలేది 'రెగు'. అంటే తాతగారి విద్యలోని అందాన్ని వీళ్లు బయట పారేయలేదు, దానికి వేరే గది కట్టారు.

కోనసీమ_కర్ర

వేరే గది కట్టారు, నిజమే. ఆ గదిలో అందరికీ ఒకే 100 కదలికలు. మరి మిగతా వందల శైలుల గతి ఏమిటి? ఆ 100 ఎవరి శైలివి?

సెరంగూన్_పాతకాపు

ఎవరివీ పూర్తిగా కావు. అదే దాని బలం, అదే దాని వెలితి. పాత శైలి గురువు ఒకాయన నాకు పరిచయం. ఆయన తన శిష్యులకు పోటీ పాఠం వారానికి నాలుగు రోజులు చెప్పి, ఐదో రోజు తలుపు వేసి తన శైలి నేర్పుతాడు. "నాలుగు రోజులు దేశానికి, ఒక రోజు మా నాన్నకు" అంటాడు. ఆ ఐదో రోజుకు పిల్లలు తగ్గిపోతున్నారని బాధపడతాడు కూడా. మీ ముల్లు ఆయన గొంతులోనూ ఉంది తమ్ముడూ.

లెక్కలమాస్టారు

పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుణ్ణి, పోరాట విద్యలు తెలియవు, లెక్కలు తెలుసు. సింగపూర్ విస్తీర్ణం దాదాపు 735 చదరపు కిలోమీటర్లు. కోనసీమ జిల్లాలో సగం కూడా లేదు. జనాభా 60 లక్షలు. అందులో మలయ్‌లు చిన్న వాటా. పక్కన ఇండోనేసియాలో 27 కోట్ల పైచిలుకు జనం, వాళ్ల సిలాట్ సంఘం 1948లోనే పుట్టింది. ఈ అంకెల ప్రకారం సింగపూర్ గెలవకూడదు. ఎక్కడ తప్పుతోంది లెక్క?

మూడో_జడ్జి

మాస్టారూ, బరిలో ఒకసారికి ఒక్కడే దిగుతాడు, 27 కోట్లు దిగవు.

చిన్న దేశానికి ఒక సౌకర్యం ఉంది. మన దగ్గర అనంతపురం పిల్లవాడిని, శ్రీకాకుళం పిల్లవాడిని ఒక శిబిరానికి చేర్చాలంటే రాత్రంతా రైలు, సెలవు చీటీ, తల్లిదండ్రుల అనుమతి, బస, భోజనం. అక్కడ దేశంలో ఏ మూల ఉన్నవాడైనా బడి అయ్యాక బస్సో రైలో ఎక్కి జాతీయ శిక్షకుడి దగ్గరికి వచ్చి, రాత్రి భోజనానికి ఇంటికి వెళ్లిపోతాడు. జాతీయ జట్టు ఏటా ఒక నెల శిబిరం కాదు, రోజూ నడిచే బడి.

ఇబ్బందీ అక్కడే ఉంది. రోజూ అదే నలుగురితో తలపడితే ఒకరి ఎత్తులు ఒకరికి కంఠతా వచ్చేస్తాయి. వాడు ఎడమ భుజం వంచాడంటే కుడి కాలు వస్తుందని నిద్రలోనూ తెలుస్తుంది. కొత్త మనిషి ఎదురైతే బుర్ర ఆగిపోతుంది. అందుకే విదేశీ పోటీలు వాళ్లకు విలాసం కాదు, అవసరం. మలేసియా ఒక వంతెన దాటితే వస్తుంది కాబట్టి సరిపోయింది. పసిఫిక్ మధ్యలో ఉన్న ద్వీపానికి ఈ వీలు ఎక్కడిది?

సెరంగూన్_పాతకాపు

దీనికి ఒక మనిషి కథ కలపాలి. షేక్ అలావుద్దీన్ 1990లో నెదర్లాండ్స్‌లోని హేగ్‌లో, మళ్లీ 1994లో థాయిలాండ్‌లోని హాత్ యాయ్‌లో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆట మానేసి ఊరుకోలేదు, శిక్షకుడయ్యాడు, సమాఖ్య పరిపాలన చేపట్టాడు. మీ వాడి గోడ మీద ఉన్న షేక్ ఫర్హాన్ ఆయన కొడుకే. 2015లో ఫుకెట్‌లో బరువైన తరగతిలో ప్రపంచ టైటిల్ గెలిచాడు. 2018లో ప్రపంచ పోటీలు సింగపూర్‌లోనే జరిగాయి. ఆ ఏడు అరీనాలో నేనున్నాను. పక్క సీటులో ఒక చైనీయ ముసలమ్మ, ఎదుట మలయ్ కుటుంబం, నా చేతిలో ఇంటి నుంచి తెచ్చుకున్న పులిహోర. కేకలు వేసేటప్పుడు అందరిదీ ఒకే భాష.

ఒక మాజీ ఆటగాడికి రెండో జీవితం ఇవ్వడం అంటే ఇదే. మన దగ్గర జాతీయ పతకం తెచ్చినవాడు ముప్పై ఏళ్లకు బ్యాంకు కౌంటర్‌లో కూర్చుంటాడు, అతనికి తెలిసిన విద్య అతనితోనే ముగుస్తుంది.

చిన్న_శీను

అన్నలందరికీ నమస్కారం. నేను విశాఖలో ఉంటాను, రెండేళ్లుగా పెన్చాక్ సిలాట్ (ఈ సిలాట్ పూర్తి పేరే) ఆడుతున్నాను. అవును, విశాఖలోనే! మన దేశంలో ఈ ఆట ముందుగా కాశ్మీర్‌లో వేళ్లూనింది. 2020లో కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల క్రీడా కోటాలో కొత్తగా చేర్చిన 20 ఆటల్లో ఇదీ ఒకటి. 2023 గోవా జాతీయ క్రీడల్లోనూ పెట్టారు. నిజం చెప్పాలంటే నేను చేరింది ఆ కోటా కోసమే. తర్వాత ఇష్టం పుట్టింది.

కోనసీమ అన్నా, కోపం వద్దు. ఆ జాబితాలో ఇండోనేసియా నుంచి వచ్చిన సిలాట్ ఉంది, మన కర్రసాము లేదు.

కోనసీమ_కర్ర

కోపం ఎందుకు తమ్ముడూ, సిగ్గుగా ఉంది.

నిన్న రాత్రి నిద్ర పట్టక ఆలోచించాను. మా పక్క ఊళ్లో ఇంకో తాలింఖానా ఉంది. వాళ్ల పట్టు వేరు, మా పట్టు వేరు. చిన్నప్పుడు ఒకసారి ఇద్దరు గురువులనూ ఒకే వేదిక మీద కూర్చోబెట్టాలని కుర్రాళ్లం ప్రయత్నించాం. ఎవరి కుర్చీ ముందుండాలన్న దగ్గర ఆగిపోయింది. వాళ్లిద్దరూ ఇప్పుడు లేరు. ఇద్దరికీ తెలిసిన దాంట్లో మాకు మిగిలింది పండగ పూట ఊరేగింపులో చూపించే నాలుగు తిప్పుళ్లు. పాయింట్లు విద్యను సగం చంపుతాయన్నాను. కుర్చీలు పూర్తిగా చంపాయి.

లెక్కలమాస్టారు

నాయనా, ఆ వాక్యం రాయడానికి ఎంత పొగరు దిగమింగావో నాకు తెలుసు. శభాష్.

మూడో_జడ్జి

తమ్ముడి నిజాయితీకి బదులుగా నేనూ రెండో వైపు చెప్పాలి. ఒకే కొలబద్ద ఉంటే న్యాయం వచ్చేస్తుందని అనుకోకండి. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో సిలాట్ మొదటిసారి పతకాల ఆట అయింది. మొత్తం 16 స్వర్ణాలు. ఆతిథ్య దేశం ఇండోనేసియాకు 14, వియత్నాంకు 2. సింగపూర్‌కు ఒక్కటీ లేదు. ఇండోనేసియా గొప్ప జట్టే, అందులో అనుమానం లేదు. అయినా నిర్ణేతల కన్ను మీద గొడవ రేగింది. తర్వాతి హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో అసలు ఆటే లేదు.

లెక్కలమాస్టారు

16కి 14 అంటే 87.5 శాతం. మా అబ్బాయి నా తరగతిలోనే చదివాడు. వాడికి కూడా నేను ఎన్నడూ అన్ని వేయలేదు.

మూడో_జడ్జి

హహ్హహ్హ! ఆ తర్వాతి సంవత్సరాల్లో నిబంధనలు తిరగరాశారు. నిర్ణేతలు మీటలు నొక్కే డిజిటల్ పద్ధతి, వీడియో పునఃపరిశీలన వచ్చాయి. ఇందులో కోనసీమ తమ్ముడు వినాల్సిన సంగతి ఒకటుంది. పాత పద్ధతిలో ఎదుటివాడి దెబ్బను కాచుకుని వెంటనే తిరిగి కొడితే, కాచుకున్నందుకు ఒక పాయింటు అదనం. కొత్త పద్ధతిలో దాన్ని తీసేశారు. చూసేవాళ్లకు సులువు, మీట నొక్కేవాడికీ సులువు. కానీ సిలాట్‌లో ఆత్మ అనదగ్గది ఆ కాచుకోవడమే. అదనపు పాయింటు పోయాక కుర్రాళ్లు దాన్ని సాధన చేయడం తగ్గించారని శిక్షకులు వాపోతుంటే విన్నాను. నువ్వు మొదట చెప్పిన మాట ఇక్కడ అక్షరాలా నిజమైంది.

తాటిబెల్లం

అందరికీ కృతజ్ఞతలు. రెండు వారాలుగా ఈ చర్చను మా వారికి రాత్రి భోజనాల దగ్గర చదివి వినిపిస్తున్నాను. నాకు ఇంకో భయం ఉంది. పద్దెనిమిదేళ్లకు మగపిల్లలకు ఇక్కడ రెండేళ్ల సైనిక సేవ ఉంటుంది కదా. మేము శాశ్వత నివాసులం, మా వాడికీ తప్పదు. ఆట బాగా వంటబట్టే వయసులోనే రెండేళ్లు పోతే ఎలా?

సెరంగూన్_పాతకాపు

అమ్మా, ఇది ఈ దేశంలో ఏ ఆటకైనా ఉన్న చిక్కే. వాయిదా దొరకడం చాలా అరుదు. ఒలింపిక్ స్థాయి ఆటగాళ్లకే అపురూపంగా ఇచ్చారు. మా కింది అంతస్తు కుర్రాడు సిలాట్‌లో జాతీయ జట్టు అంచుదాకా వచ్చి సేవకు వెళ్లాడు. సెలవు దొరికిన శనివారాలు సంచి భుజాన వేసుకుని సాధనకు పరుగెత్తేవాడు. తిరిగొచ్చాక తన తరగతిలో ఇంకొకడు కుదురుకుని ఉన్నాడు. ఇప్పుడు వాడు చిన్న పిల్లలకు నేర్పుతున్నాడు, ఏడుపు మొహం పెట్టుకుని కాదు, సంతోషంగానే.

డబ్బు విషయం కూడా ముందే తెలుసుకోండి. ఇక్కడ ఒలింపిక్ స్వర్ణానికి పది లక్షల సింగపూర్ డాలర్ల బహుమతి పథకం ఉంది. ఆగ్నేయాసియా క్రీడల స్వర్ణానికి పది వేలు. సిలాట్ ఒలింపిక్స్‌లో లేదు, కాబట్టి మీ వాడికి ఆ పెద్ద అంకె కనుచూపు మేరలో లేదు. 2013 నుంచి ఉన్నత స్థాయి ఆటగాళ్లకు ప్రభుత్వ ఉపకారవేతనం ఉంది, సిలాట్ వాళ్లకూ అది అందింది. అది అందుకోవడమే గొప్ప. ఈ ఆటలో ఉండేవాళ్లు డబ్బు కోసం ఉండరు, చిన్న శీను ఏమనుకున్నా సరే.

చిన్న_శీను

పాతకాపు గారూ, నాకు డబ్బు కాదండీ, రైల్వే ఉద్యోగం చాలు.

తాటిబెల్లం

నిన్న మా వాడి మొదటి పోటీ అయింది, బడుల మధ్య చిన్నది. మొదటి విడతలో ముందున్నాడు. రెండో విడతలో అవతలి పిల్లవాడు కత్తెరలా రెండు కాళ్లు వేసి పడగొట్టాడు, రెండుసార్లు. ఓడిపోయాడు. ఏడుస్తాడేమో అనుకున్నాను. వాడు ఆ పిల్లవాడి దగ్గరికే వెళ్లి ఆ కత్తెర ఎలా వేశావని అడిగి, పక్కన చాప మీద అరగంట నేర్చుకుని వచ్చాడు. ఆ పిల్లవాడి తల్లి నాకు అరిటాకులో చుట్టిన నాసి లెమాక్ (కొబ్బరిపాల అన్నం) పెట్టింది. నేను మరుసటి వారం పులిహోర తెస్తానని మాటిచ్చాను. (పాతకాపు గారూ, ఆలోచన మీదే.)

ఇంకో కబురు. పోరుతో పాటు తుంగల్ కూడా నేర్చుకుంటాడట. కర్ర కావాలంటున్నాడు. మా మామగారు ఇది విని, కాకినాడ నుంచి కర్ర పంపిస్తానని పట్టుబట్టారు. ఆయన చిన్నప్పుడు కర్ర తిప్పేవారట, ఇన్నేళ్లలో ఒక్కసారీ చెప్పలేదు!

కోనసీమ_కర్ర

అక్కా, పెద్దాయన్ను ఆపకండి, కానీ తొందరపడి వెదురు పంపనివ్వకండి. మా తాత అయితే శిష్యుడిని గోడకు నిలబెట్టి, కనుబొమల దగ్గర గీత గీసి, ఆ కొలతకే కర్ర కోసేవాడు. మీ వాడి కొలత ఎంత?

మూడో_జడ్జి

తోయాకు నిబంధనల ప్రకారం పొడవు 150 నుంచి 180 సెంటీమీటర్లు ఉండాలి. పేముతో చేస్తారు, వెదురుతో కాదు. వెదురు చీలితే పక్కవాడి కంట్లో పడుతుంది.

తాటిబెల్లం

కనుబొమల దాకా 146. ఇప్పుడేం చేయాలి?

కోనసీమ_కర్ర

నాలుగు సెంటీమీటర్లే కదక్కా. దసరాకు కాకినాడ వస్తారుగా, అప్పటికి ఎదుగుతాడు. అమలాపురం తీసుకురండి, పేము కర్ర నేనే చూసి ఉంచుతాను. పెద్దాయన్నూ తీసుకురండి, ఆయన పట్టు ఏ ఊరిదో చూడాలి.

సెరంగూన్_పాతకాపు

విమానంలో చేతి సామానుతో ఎక్కనివ్వరు, తిరిగి వచ్చేటప్పుడు లోపలి సామానులో వేయండి. పొడుగు సామానుకు వేరే రుసుము కట్టాలి, ముందే అడిగి పెట్టుకోండి.